ఉన్ని చెప్పుల గురువారాలు

రష్యాలో ఏం జరుగుతోందో లండన్ పాఠకులకు చెప్పే పనిని మిస్టర్ సిరిల్ హార్గ్రీవ్ ఏడేళ్లు చేశాడు. ఆ ఏడేళ్లలో ఒక్కసారీ రష్యా వెళ్లలేదు. మొదట మాస్కో వాళ్లు వీసా ఇవ్వలేదు. తర్వాత ఆయన అడగడం మానేశాడు. రీగాలో, ఆల్బర్ట్ వీధిలో, మూడో అంతస్తులో అద్దెకుండేవాడు. అక్కడి నుంచి రష్యా సరిహద్దు రైల్లో ఏడు గంటలు. ఆయన దాన్ని "పక్కనే" అనేవాడు.

నేను పొద్దున పూట ఒక లాట్వియన్ దినపత్రికలో విలేకరిని. మధ్యాహ్నం నుంచి హార్గ్రీవ్ దగ్గర అనువాదకుణ్ణి. మాస్కో పత్రికలు రెండు రోజులు ఆలస్యంగా రైల్లో వచ్చేవి. నేను చదివి వినిపించేవాణ్ణి. ఆయన గోళ్లు చూసుకునేవాడు.

"వాళ్లు అచ్చేసిందే నిజమైతే మనల్ని ఇక్కడెందుకు కూర్చోబెట్టారయ్యా, ప్లౌడిస్?" అనేవాడు.

ఆ ఇల్లు ఫ్రౌ ఫాన్ హార్టెన్‌ది. భూసంస్కరణల్లో ఆమె ఎస్టేటు పోయింది. మిగిలిన ఈ ఇంటిని హార్గ్రీవ్‌కు అద్దెకిచ్చి వెనక గదిలో ఉండేది. అద్దె ఒప్పందం జర్మన్‌లో ఉంది. హార్గ్రీవ్‌కు జర్మన్ రాదు. సంతకం పెట్టాక నాచేత చదివించుకున్నాడు. పదకొండో షరతు ప్రకారం ప్రతి గురువారం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా హాలు యజమానురాలిది. ఆ సమయంలో ఆమె అతిథులు వస్తారు. పియానో అద్దెలో చేరదు. హాలులోని చెక్క నేలమీద ఎవరూ బూట్లతో నడవకూడదు.

హార్గ్రీవ్ మొదటి గురువారం పడకగదిలో కూర్చుని అలిగాడు. రెండో గురువారం తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మూడో గురువారం నోటుపుస్తకంతో వచ్చి మధ్యలో కూర్చున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆయన ఇంట్లో జరిగే గురువారాల గురించి ఊళ్లోని రాయబార కార్యాలయాలన్నిటికీ తెలిసింది. "మనుషుల్ని చేరదీయడం ఒక విద్య, ప్లౌడిస్" అని నాకు చెప్పాడు. ఫ్రౌ ఫాన్ హార్టెన్ ఆ మాట విని ఆయనకు టీ పోసింది.

నేల షరతు వల్ల అతిథులందరూ సంచుల్లో ఉన్ని చెప్పులు తెచ్చుకునేవారు. తలుపు దాటగానే నడవలో ఒక బల్ల ఉండేది. అక్కడ కూర్చుని బూట్లు విప్పి చెప్పులు వేసుకోవాలి. నవంబరు బురదలో ఆ పనికి అయిదు నిమిషాలైనా పట్టేది. బల్లమీద ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉండేవారు. లేసులు విప్పుతూ మాట్లాడుకునేవారు.

ఇది చెప్పడానికి కారణముంది. హార్గ్రీవ్‌కు ఒక నియమం ఉంది. ఏ వార్త అయినా మూడు భాషలవాళ్లు ముగ్గురు విడివిడిగా చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ పుస్తకంలో ఒక టిక్కు. మూడు టిక్కులు పడితే వార్త. "మీరు దీన్ని ఈ హాల్లో గానీ విన్నారా?" అని ప్రతి ఒక్కర్నీ అడిగేవాడు. లేదనేవారు. అది నిజమే. వాళ్లు నడవలో విన్నారు.

వారానికి ఒక్క వార్త, రెండు వందల మాటలు. శుక్రవారం పొద్దున తంతి పంపితే శనివారం లండన్‌లో అచ్చయ్యేది. ఆ పత్రిక మంగళవారానికి రీగా చేరేది. దాన్ని తర్వాతి గురువారం అందరూ చదివి తమను వెతుక్కునేవారు. "విశ్వసనీయ వర్గాలు" అంటే ఫ్రౌ ఫాన్ హార్టెన్. "దౌత్య వర్గాలు" అంటే పోలండ్ రాయబార కార్యాలయంలో రెండో కార్యదర్శి పాన్ గుర్స్కి. "వాణిజ్య వర్గాలు" అంటే కలప వ్యాపారి గ్రాస్మానిస్. "ఒకనాటి సైనికాధికారి" అంటే కల్నల్ తుర్చానినొవ్. కల్నల్ ఇప్పుడు సినిమా హాలు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. మొదటి ఆటకూ రెండో ఆటకూ మధ్య, ఏడు గంటలకు, సినిమా హాలు యూనిఫాంతో వచ్చేవాడు. దానికి సైన్యంలో ఆయన వేసుకున్నదానికంటే బొత్తాలు ఎక్కువ.

పత్రికలో ఒక్కసారి కూడా పడని మనిషి వేరా నికొలాయెవ్నా. ఆమె పియానో పాఠాలు చెప్పేది. వాయించకపోతే పియానో పాడవుతుందని ఫ్రౌ ఫాన్ హార్టెన్ ఆమెను గురువారాలు పిలిచేది. ఆమె భర్త అంద్రేయ్ మాస్కోలో వంతెనల ఇంజనీరు. దేశం విడిచి వెళ్లే అనుమతి కోసం మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఆయన గురించి ఎవరైనా అడిగితే ఆమె వాయించడం మొదలుపెట్టేది.

ఒక బుధవారం ట్రామ్ స్టాపులో ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"ఇచ్చారండీ. అనుమతి ఇచ్చారు. వచ్చే బుధవారం రైలుకి వస్తున్నాడు."

"మంచి మాట చెప్పారు."

"ఎవరికీ చెప్పకండి. సరిహద్దు దాటేదాకా ఎవరికీ వద్దు. మీకైనా ఎందుకు చెప్పానంటే, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడట్లేదు."

ఆమె భయం ఊహ కాదు. అంతకు ముందు ఏడాది ఫ్రోలైన్ బెర్గ్ అని ఒకావిడ వచ్చేది. ఆమె అన్న లెనిన్‌గ్రాడ్‌లో ప్రొఫెసరు. ఆయన రాబోతున్నాడన్న మాట నడవలో పుట్టి హాల్లో మూడు టిక్కులు తెచ్చుకుంది. ఆమె హార్గ్రీవ్ చేతులు పట్టుకుని వేయొద్దని అడిగింది. "వేయొద్దని బతిమాలారంటే అది నాలుగో ఆధారం కదమ్మా" అన్నాడాయన. మాస్కోలో లండన్ పత్రికలు చదవడానికి ఒక ఆఫీసే ఉంది. ప్రొఫెసరును సరిహద్దు స్టేషన్లో రైల్లోంచి దింపేశారు. హార్గ్రీవ్ విచారించాడు. అచ్చయ్యేనాటికి వార్త నిజమేనని కూడా గుర్తుచేశాడు. ఫ్రోలైన్ బెర్గ్ రావడం మానేసింది. ఆమె కుర్చీలో గ్రాస్మానిస్ కూర్చోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు గురువారం. అయిదింటికి వేరా నికొలాయెవ్నా నడవలో బల్లమీద కూర్చుని సంచి తెరిచింది. తన చెప్పులు తీస్తుంటే ఇంకో జత కిందపడింది. బూడిద రంగు, మగవాళ్లవి, నలభై మూడో నంబరు. భర్త వచ్చాక మొదటి గురువారం ఆయనకు కావాలని కొంది. ఇంట్లో పెట్టి రాలేకపోయింది.

అతిథుల పాదాలు పరీక్షించడానికి ఫ్రౌ ఫాన్ హార్టెన్ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఇవెవరివమ్మా?"

"మా తమ్ముడివండీ."

"నీకు తమ్ముడు లేడని పోయిన క్రిస్మస్‌కి నువ్వే చెప్పావు."

వేరా నికొలాయెవ్నా చెప్పులు సంచిలో కుక్కి పియానో దగ్గరికి వెళ్లింది. మామూలు కంటే గట్టిగా వాయించింది. దానివల్ల మిగతావాళ్లు మామూలు కంటే గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. నేను హార్గ్రీవ్ పక్కనే ఉన్నాను.

"వాళ్లాయన వస్తున్నాడు. చెప్పులు కూడా కొనేసింది" అంది ఫ్రౌ ఫాన్ హార్టెన్.

"ఇంజనీరు కదూ?" అన్నాడు హార్గ్రీవ్. పెన్సిలు తీశాడు.

"వంతెనల ఇంజనీరు" అన్నాడు పాన్ గుర్స్కి. ఆయన అప్పుడే నడవలోంచి వచ్చాడు. "వంతెనలు కట్టేవాణ్ణి వాళ్లు వదలరండీ."

"వదలకపోతే ఎలా వస్తాడు?"

"పారిపోయి వస్తాడు."

"ఉత్త చేతులతోనా?"

"నేనేం చెప్పలేను" అన్నాడు పాన్ గుర్స్కి. దౌత్యవేత్త చెప్పలేననడం హార్గ్రీవ్ లెక్కలో చెప్పడం కిందికే వస్తుంది. నేను పుస్తకంలోకి చూశాను. 'సోవియట్ ఇంజనీరు, వంతెనల ప్లాన్లు, పలాయనం.' దాని పక్కన రెండు టిక్కులు. జర్మన్ ఒకటి, పోలిష్ ఒకటి.

మూడోది రష్యన్. కల్నల్ తుర్చానినొవ్ వేరా నికొలాయెవ్నా ఉండే మేడమీదే, ఎదుటి గదిలో ఉంటాడు. పోస్టుమాన్ ఆమెకు ఏ ఉత్తరం తెచ్చాడో ఆమెకంటే ముందు ఆయనకు తెలుస్తుంది. ఏడింటికి వస్తాడు. అప్పటికి టైము ఆరున్నర.

పియానో ఆగింది. పాట మధ్యలో ఉంది. వేరా నికొలాయెవ్నా నా వైపు చూసింది. ఎవరికీ చెప్పనన్న మాట నేను నిలబెట్టుకున్నానని ఆమెకు చెప్పే వీల్లేదు. చెప్పినా లాభం లేదు.

నేను నడవలోకి వెళ్లాను. గ్రాస్మానిస్ అప్పుడే వచ్చి బల్లమీద కూర్చున్నాడు. ఆయన పొట్టకూ లేసులకూ మధ్య సంబంధాలు తెగిపోయి చాలాకాలమైంది. నేను వంగి ఎడమ బూటు లేసు విప్పాను.

"గ్రాస్మానిస్ గారూ, మాస్కో వాళ్లు మిమ్మల్ని చెక్కపెట్టెలు అడిగారా?"

నేను చెప్పింది ఇంతే. నా ఇరవై రెండేళ్ల వృత్తిలో అబద్ధం రాయలేదు. ఆ రోజు కూడా అబద్ధం చెప్పలేదు. అడిగాను.

"ఏం పెట్టెలు?"

"సామాను సర్దే పెట్టెలు. పెద్దవి. ఆఫీసు బీరువాలు పట్టేవి."

"నన్నడగలేదే." ఆయన మొహం ముడుచుకుంది. రీగాలో చెక్క కదిలితే ఆయనకు తెలియాలి. "ఎన్ని కావాలట?"

"నాకేం తెలుసండీ? మిమ్మల్ని అడుగుతున్నాను."

కుడి బూటు లేసు విప్పేలోపు ఆయన ఆలోచించాడు. "నేరుగా అడగర్లెండి. చుట్టూ తిప్పి అడుగుతారు. పోయిన నెల ఒకాయన వచ్చి సన్నపలకలు ఉన్నాయా అన్నాడు. లేవన్నాను. వాడి మొహం చూస్తే అప్పుడే అనుమానం వచ్చింది. ఆఫీసులు ఖాళీ చేస్తున్నారా ఏమిటి?"

"చేస్తున్నారా?"

"నన్నడిగితే చేస్తున్నారనే అంటా."

ఆయన హాల్లోకి నడిచాడు. మెల్లగా నడిచే మనిషి ఆ రోజు చెప్పులు జారిపోయేంత తొందరగా నడిచాడు. నేను కాస్త ఆగి వెళ్లేసరికి మాస్కోలో ఆఫీసులు ఖాళీ అయ్యాయి.

"ఖాళీ చేసి ఎక్కడికి పోతారు?" అంటున్నాడు హార్గ్రీవ్.

"అది మీరు దౌత్య వర్గాలను అడగాలి" అన్నాడు వాణిజ్య వర్గాలు.

పాన్ గుర్స్కి టీ కప్పు కింద పెట్టాడు. "మాస్కోలోని మా వాళ్లు ఈ చలికాలానికి కట్టెలు తెప్పించుకోలేదు. ఎందుకు తెప్పించుకోలేదా అని నేను అనుకుంటూనే ఉన్నాను."

"అంటే?"

"నేనేం చెప్పలేను."

"రాజధాని మారుస్తున్నారు!" అంది ఫ్రౌ ఫాన్ హార్టెన్. "మా పెదనాన్న ఎప్పుడో చెప్పారు, మాస్కోలో వాళ్లు నిలవరని."

"ఆయన పోయి ఎన్నాళ్లయింది?" అన్నాను.

"పద్దెనిమిదేళ్లు. ఐనా చెప్పారుగా."

"ఎక్కడికి మారుస్తారు?" హార్గ్రీవ్ లేచి గోడమీది పటం దగ్గరికి వెళ్లాడు. వేలు మాస్కో మీద పెట్టి తూర్పుకు జరిపాడు. ఉరల్ కొండల దగ్గర ఆగింది. ఎందుకు అక్కడ ఆగిందంటే, ఆ తర్వాత పటం మీద దీపం నీడ పడుతోంది. "ఉరల్!" అన్నాడు.

ఎవరూ కాదనలేదు. మూడు నిమిషాల్లో మూడు టిక్కులు పడ్డాయి. ఆ ఇంట్లో అంతకు ముందు ఏ వార్తా ఇంత తొందరగా తేలలేదు. అయితే ఇంజనీరు వార్త పక్కన రెండు టిక్కులు అలాగే ఉన్నాయి.

ఏడింటికి కల్నల్ వచ్చాడు. తలుపు తీసింది నేనే. బూట్లు విప్పుకుంటూ ఆయన నడవలోకి వచ్చే మాటలన్నీ చెవిన వేసుకున్నాడు. ఆయన హాల్లోకి అడుగు పెట్టగానే హార్గ్రీవ్ ఎదురెళ్లాడు.

"కల్నల్, మీరుండే మేడలోనే కదా వేరా నికొలాయెవ్నా ఉండేది. వాళ్లాయన సంగతి మీకేమైనా తెలుసా?"

వేరా నికొలాయెవ్నా చేతులు పియానో మీద ఉన్నాయి. వాయించడం లేదు.

కల్నల్ ఆమె వైపు చూశాడు. ఆయనకు అంతా తెలుసని ఆమెకు తెలుసు. ఆమె సూపు వండిన రోజు ఆయనకొక గిన్నె ఇచ్చేది. కానీ ఆయన నోరు కట్టేసింది ఆ సూపేనని నేను రాయలేను. రెండో ఆటకు ఇరవై నిమిషాలే ఉంది. ఉరల్ కొండల మాట ఆయన అప్పటికే విన్నాడు. రాజధాని ఎదురుగా ఉండగా ఒక ఇంజనీరు కోసం ఏ సైనికాధికారి ఆగుతాడు?

"ఆడవాళ్ల మొగుళ్ల సంగతి నన్నడుగుతారేంటండీ!" అన్నాడు. "ఉరల్ వైపు సీలేసిన రైళ్లు పోతున్నాయి. అది అడగండి. రెజిమెంటులో నాతో ఉన్నవాడొకడు రాశాడు."

"ఏమని రాశాడు?"

"వివరాలు రాయలేదు. రాయకపోవడంలోనే తెలుస్తోంది."

నాలుగో టిక్కు. హార్గ్రీవ్ కుర్చీలో వెనక్కి వాలాడు. నాకు మాటలు చెప్పి రాయించడం మొదలుపెట్టాడు. విశ్వసనీయ వర్గాలు వచ్చాయి, దౌత్య వర్గాలు వచ్చాయి, పెట్టెలు వచ్చాయి. చివర ఆగాడు.

"ఆఖర్లో రెండు లైన్లు ఆ ఇంజనీరు గురించి కూడా పడేద్దామా? రెండు టిక్కులే అనుకో. కానీ బావుంటుంది. ఓడ మునిగేముందు వాడు దూకేసినట్టు."

"వేయొచ్చండీ" అన్నాను. "కానీ రెండు వందల మాటలు అయిపోయాయి. ఏదో ఒకటి తీయాలి. పెట్టెలు తీసేయమంటారా?"

"పెట్టెలు తీసేస్తావా? నీకు బుద్ధుందా ప్లౌడిస్? వార్తంతా పెట్టెల్లోనే ఉంది!"

"సరేనండీ. అలాగే ఉంచుతాను."

శుక్రవారం పొద్దున తంతి కార్యాలయంలో నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. ఇంజనీరు లేడు. పంపేశాను.

శనివారం లండన్‌లో అచ్చయింది. ఆదివారం బెర్లిన్ పత్రికలు లండన్ నుంచి ఎత్తి వేశాయి. సోమవారం మా పత్రిక బెర్లిన్ నుంచి ఎత్తి మొదటి పేజీలో వేసింది. మా ఎడిటరు నన్ను పిలిపించాడు.

"లండన్ వాడికి తెలిసింది, బెర్లిన్ వాడికి తెలిసింది. నువ్వు ఈ ఊళ్లోనే ఉండి ఏం చేస్తున్నావయ్యా?"

"నాకు తెలియలేదండీ."

"ఆ హార్గ్రీవ్‌ని చూసి నేర్చుకో."

మంగళవారం మాస్కో ఖండించింది. రాజధాని ఎక్కడికీ కదలడం లేదంది. హార్గ్రీవ్ ఆ ఖండనను కత్తిరించి పుస్తకంలో అంటించాడు. దాని పక్కన అయిదో టిక్కు పెట్టాడు.

బుధవారం ఉదయం స్టేషనుకు వేరా నికొలాయెవ్నా నన్ను తోడు రమ్మంది. రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ఆ నలభై నిమిషాలు ఆమె కూర్చోలేదు. చివరి పెట్టె నుంచి ఒక మనిషి దిగాడు. చేతిలో ఒక సంచి ఉంది. ఆమె ఆయన్ని గుర్తుపట్టడానికి రెండు అడుగులు ఎక్కువ పట్టింది. ఆ తర్వాత నేను గడియారం వైపు తిరిగి నిలబడ్డాను.

గురువారం ఇద్దరూ వచ్చారు. నడవలో బల్లమీద నేను అంద్రేయ్ పక్కన కూర్చున్నాను. నలభై మూడో నంబరు ఆయనకు పెద్దదైపోయింది. మూడేళ్లలో మనిషితోపాటు పాదాలూ చిక్కాయి. మంగళవారం వచ్చిన లండన్ పత్రికను ముందురోజు నేనిస్తే, దాన్ని వేరా నికొలాయెవ్నా మడిచి ఆ చెప్పుల్లో కూరింది. ఉరల్ కొండలు ఎడమకాలి చెప్పులో ఉన్నాయి.

"మా అమ్మ అక్కడే ఉంది. ఆవిడ దరఖాస్తు ఇంకా తేలలేదు" అన్నాడాయన, మెల్లగా. "నేనేం మాట్లాడినా ఆవిడ మీదికి రాకూడదు."

"మీరేం మాట్లాడినా ఫరవాలేదండీ" అన్నాను. "ఎవరూ నమ్మరు."

నేను అతిగా అన్నానని ఆయన అనుకున్నాడు. హాల్లోకి వెళ్లగానే అందరూ చుట్టూ చేరారు. ఏడేళ్లలో ఆ గదిలోకి నేరుగా మాస్కో నుంచి వచ్చిన మొదటి మనిషి ఆయన.

"సర్దుకోవడం ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు హార్గ్రీవ్.

"ఎవరు సర్దుకోవడం?"

"ప్రభుత్వం."

"నేను సోమవారం బయల్దేరానండీ. అప్పటికి ప్రభుత్వం అక్కడే ఉంది. మా వీధి చివరున్న ఆఫీసుకి కొత్తగా రంగులు కూడా వేస్తున్నారు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"రంగులు!" అన్నాడు పాన్ గుర్స్కి. "చూశారా. కప్పిపుచ్చడానికి."

"పాపం, లోపల ఉన్నవాళ్లకేం తెలుస్తుందండీ" అంది ఫ్రౌ ఫాన్ హార్టెన్. ఆయనకు మాంసం కూరిన పిరాగి బన్ను ఇంకోటి వడ్డించింది. "ముందు తినండి."

"పెట్టెలు చూశారా?" అన్నాడు గ్రాస్మానిస్.

"స్టేషన్లో ఉన్నాయి. స్టేషన్లో పెట్టెలు ఉంటాయి కదండీ."

"చాలు. చాలు" అన్నాడు గ్రాస్మానిస్. హార్గ్రీవ్ రాసుకున్నాడు. వచ్చే వారం అంద్రేయ్ 'మాస్కో నుంచి ఇటీవలే వచ్చిన ప్రయాణికుడు' అవుతాడని నాకు అర్థమైంది. వేరా నికొలాయెవ్నాకు కూడా అర్థమైంది. ఆమె వాయించడం ఆపి లేచింది.

"ఆయనకి ఒంట్లో బాలేదండీ. ఏం చూశాడో ఆయనకే గుర్తుండదు."

"మా గురించి మీకు భయమేం వద్దమ్మా. పేరు వేయం" అన్నాడు హార్గ్రీవ్.

అంద్రేయ్ టీ కోసం గదికి ఆ చివరికి నడిచాడు. ఫ్రౌ ఫాన్ హార్టెన్ తన నేల వైపు చూసింది. తల ఒక పక్కకు వంచింది. తర్వాత హార్గ్రీవ్ పక్కకు జరిగి, నాకు వినబడేంత నెమ్మదిగా చెప్పింది.

"విన్నారా? ఆయన నడుస్తుంటే కాగితాల చప్పుడు వస్తోంది."

"ఎక్కడి నుంచి?"

"చెప్పుల్లోంచి."

హార్గ్రీవ్ పుస్తకంలో వెనక పేజీలు తిప్పాడు. 'సోవియట్ ఇంజనీరు, వంతెనల ప్లాన్లు.' పక్కన రెండు టిక్కులు ఇంకా అలాగే ఉన్నాయి. పెన్సిలు చివర నాలుకతో తడిపాడు. ఏడు గంటలు కావస్తోంది. నడవలో కల్నల్ బూట్లు విప్పుకుంటున్న చప్పుడు వినబడింది.

నేను లేచి నడవలోకి వెళ్లాను. ఆయన పక్కన కూర్చుని లేసు అందుకున్నాను.

"కల్నల్ గారూ, క్రెమ్లిన్ కోట గంటలు ఉరల్ దాకా మోయాలంటే ఎన్ని గుర్రాలు కావాలండీ?"

కల్నల్ తల ఎత్తాడు.

"అప్పుడే గంటలదాకా వచ్చారా?" అన్నాడు.